నిజామాబాద్ పసుపు, ఒక చిన్న చిల్లు

వెళ్ళడానికి కారణం

విజయవాడ వదిలి నిజామాబాద్ వెళ్ళిపోవాలా అన్న మాట మా ఇంట్లో ఆ చలికాలమంతా నలిగింది. పిలిచింది రామ్మోహన్ బావ. మా పెద్దమ్మ కూతురు సుభద్రక్క భర్త. ఆయన తాతగారి కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి బోధన్ దగ్గర భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. బావ మాత్రం వ్యవసాయం తమ్ముడికి వదిలేసి, నిజామాబాద్ ఊరి చివర ఇనుప వర్క్‌షాపు పెట్టుకున్నాడు. పసుపు కొమ్ములకి మెరుగు పెట్టే డ్రమ్ములు చేసేవాడు. రెండేళ్ళుగా పుణే కంపెనీ ఒకటి మధ్యలో ఉండి, ఏదో విదేశీ యంత్రాల కంపెనీకి కావలసిన భాగాలు కూడా ఇతని చేత చేయిస్తోంది.

మా వారు ఆటోనగర్‌లో ఒక కంపెనీలో డ్రాయింగులు గీస్తారు. పసుపుని నీళ్ళలో కాకుండా ఆవిరితో ఉడికించే బాయిలరు ఒకటి బావ మొదలుపెట్టి సగంలో ఆపాడు. దాన్ని పూర్తి చేయడానికి మా వారిని వాటాదారుగా రమ్మన్నాడు. మా వారికి మనసు లాగింది. నాకు భయం వేసింది. మా బుజ్జికి మూడేళ్ళు. చలిగాలికి, దుమ్ముకి దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. పసుపు దుమ్ము మధ్యన దాన్ని ఎలా పెంచాలి? ఉన్న ఉద్యోగం వదిలేశాక బాయిలరు నడవకపోతే?

మా వారికి సెలవు దొరకలేదు. "నువ్వు వెళ్ళి చూసిరా," అన్నారు. "బాయిలరు పని చేస్తుందా అన్నది నేను చూసుకుంటాను. దాన్ని పని చేయనిస్తారా అన్నది నువ్వు చూడు."

అందుకని వెళ్ళాను. తిరిగొచ్చాక, బుజ్జి నిద్రపోయిన వేళల్లో కాస్త కాస్తగా ఇది రాస్తున్నాను. అటు వైపు వెళ్ళనివారికి ఆ ఊరు కొంచెమైనా కనిపించాలని, ఎవరో తెలియని ఆడవాళ్ళు నా పిల్లకి చేసిన సాయం మరిచిపోకూడదని.

సుభద్రక్క వీధి

తెల్లవారుజామున రైలు దిగేసరికి మన కోస్తా వాళ్ళకి తెలియని చలి. ప్లాట్‌ఫారం మీద మగవాళ్ళు చెవులకి మఫ్లర్లు చుట్టుకుని, గాజు గ్లాసులో టీని సాసర్లో వొంపుకుని జుర్రుతున్నారు. టీ రెండు రూపాయలు, చిక్కగా, తీపి ఎక్కువ. బుజ్జికి స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసి, ముక్కు మీదుగా నా పాత చున్నీ కట్టాను. ఆటో అతను వెనక్కి తిరిగి చూసి, "గా పోరికి ఊపిరి ఆడనియ్యమ్మా జర!" అన్నాడు. ఊపిరి కోసమే కట్టానని చెప్పలేదు.

అక్క ఉండే వీధిలో ఏ గుమ్మం చూసినా ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మాట్లాడుతూనే ఉంటారు, చేతులు ఆగవు. కంపెనీ తునికాకు ఇస్తుంది, తంబాకు ఇస్తుంది, దారం ఇస్తుంది. సాయంత్రం కట్టలు తీసుకుంటుంది. సన్నగా ఉన్నా, లావుగా ఉన్నా పక్కన పారేస్తుంది. మా వైపు వీధుల్లో ఈ వేళకి ముగ్గులు, పాలవాళ్ళు కనిపిస్తారు. ఇక్కడ ముగ్గు అయిపోయిన వెంటనే చాటలు వస్తాయి.

ఎదురింటి లక్ష్మవ్వ చాటలో ఆకుల మీద ఒక ఇనుప గుండు, గాలికి ఎగరకుండా. పిడికిలంత ఉంది, మధ్యలో గుండ్రంగా తొలిచిన ఖాళీ, పక్కన చిన్న చిల్లు. అలాంటిదే అక్క వంటింట్లో పచ్చడి జాడీ కింద, తులసి కుండీ కింద, బాత్‌రూము తలుపు కొట్టుకోకుండా అడ్డంగా.

"ఏమిటక్కా ఇవి? ఊరంతా ఇవే ఉన్నాయి."

అక్క నవ్వింది. "మా ఆయన మేధస్సు. వర్క్‌షాపులో మేస్త్రిని అడుగు, తనివితీరా చెప్తాడు."

మధ్యాహ్నం భోజనంలో జొన్న రొట్టె, వంకాయ కూర, ఉడకని పులుసు. చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయ, కాల్చిన మిర్చి నలిపి వేశారు. మా ఇళ్ళల్లో పులుసంటే పొయ్యి మీద మరగాల్సిందే. దీన్ని పచ్చి పులుసంటారట. మొదటి ముద్ద అనుమానంగా తిని, మూడోసారి నేనే వడ్డించుకున్నాను.

వర్క్‌షాపు

భోజనమయ్యాక అక్కతో కలిసి వెళ్ళాను. షెడ్డు సగం సగం రెండు ఊర్లలా ఉంది. ఎడమ వైపు నేలకి బూడిద రంగు వేసి, నడవడానికి పచ్చగీతలు గీశారు. ట్యూబులైట్లు, అద్దాల బీరువా, బల్ల దగ్గర ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళ చేతిలో చిన్న కొలతబద్ద లాంటి ఇనుప పుల్ల. దాని ఒక కొన తయారైన ముక్క రంధ్రంలోకి దూరాలి, రెండో కొన దూరకూడదు. దూరితే ఆ ముక్క పక్కకి. ఒక్కో ముక్కకీ అదే పని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా.

కుడి వైపు మట్టి నేల, మసి, పసుపు డ్రమ్ములు. ఆ మూలలో టార్పాలిన్ కింద బాయిలరు.

బావ ముందు ఎడమ వైపే చూపించాడు. ఆయనకి ఆ సగం మీద గర్వం ఉంది, దాచుకోలేదు. "ఇదంతా పరాయివాళ్ళ డ్రాయింగు కాయితం నేర్పింది అమ్మాయ్. అప్పట్లో నేను చేసిన ఏ రెండు డ్రమ్ములూ ఒకటి కాదు. ఒకదాని ఇరుసు విరిగితే ఇంకోదానిది సరిపోయేది కాదు. రైతు ట్రాక్టరేసుకుని ఇక్కడిదాకా రావాలి. ఇప్పుడు ఏ డ్రమ్ము ఇరుసైనా ఏ డ్రమ్ముకైనా పడుతుంది. విడి ఇరుసులు ఆర్మూర్‌లో కొట్టువాడి దగ్గర పెట్టేశాను. కొలవడం వీళ్ళ దగ్గరే నేర్చుకున్నాం, నా డ్రమ్ముల్లో పెట్టాను."

అది నిజమేనని నాకూ అనిపించింది. అప్పటిదాకా పరాయి ఆర్డర్లంటే ఏదో కట్టుబానిసత్వం అనుకుని వచ్చాను.

మేస్త్రి పేరు దేవదానం. నిండు మనిషి, పెద్ద గొంతు, ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆయనేనట. నేను ఇనుప గుండు గురించి అడగగానే చేతులు తుడుచుకుని వచ్చాడు.

"నువ్వే చెప్పు చెల్లె. పసుపు దుమ్ముల తిరిగే బేరింగుకు గ్రీజు వెట్టకుంట ఎన్నొద్దులు నడుస్తది?"

"నాకు తెలీదన్నా."

"కుట్టు మిషిన్‌కు నూనె బొక్కలుంటయా లేవా?"

"ఉంటాయి."

"ఆఁ! బేరింగు కూసునే డబ్బా గిది. ఆళ్ళ కాయిదంల బొక్కనే లేదు. పాపం, గీసినోడు యాది మర్చిండు అనుకున్నం. మేమే కొట్టినం. ప్రతి డబ్బకు. పైస గుడ ఎక్కువ అడగలే!"

"వెనక్కొచ్చాయి," అంది అక్క పొడిగా. "పెట్టెలు విప్పి, చూసి, మూసి పంపేశారు. మిమ్మల్ని మార్చమని ఎవరడిగారు అని ఒక్క ముక్క."

"ఆళ్ళ బేరింగులు మూసేసి అస్తయట, గ్రీజు లోపల్నే ఉంటదట," మేస్త్రి ఒప్పుకున్నాడు. "గా సంగతి కాయిదంల రాయాలె గద మల్ల! నాకేం కల వడ్తదా?"

ఇది ఆ షెడ్డులో మాత్రమే జరిగే పొరపాటని తర్వాత అర్థమైంది. అక్కడ డ్రమ్ము కొనడం బట్టలు కుట్టించుకోవడం లాంటిది. ఎడమచేతివాటం రైతుకి తలుపు అటు పెడతారు. పొట్టి మనిషికి పిడి కిందికి దించుతారు. అడిగినా అడగకపోయినా ఏదో ఒకటి కలిపి ఇవ్వడం మర్యాద. కొన్నవాడి పేరు డ్రమ్ము మీద రంగుతో రాసి, కొబ్బరికాయ కొట్టి పంపుతారు. పేరు తెలియని దూరదేశపు మనిషికి కూడా వీళ్ళు అదే మర్యాద చేశారు.

వెనక్కొచ్చిన డబ్బాలని తూకానికి అమ్మబుద్ధి కాక అక్క వీధిలో పంచిపెట్టింది.

షెడ్డు వెనక గోదాం తలుపు తీసి ఉంటే తొంగి చూశాను. మొక్కజొన్న కంకులు ఒలిచేది, చెరుకు ఆకు దూసేది, పేరు తెలియని ఇంకేవో, అన్నీ సగంసగం, తుప్పు పట్టి.

"ఇవన్నీ ఆ ఆర్డర్లు రాకముందు మొదలుపెట్టినవి," అంది అక్క. "తీరిక దొరికినప్పుడు చూద్దాం అని ఒక్కోటీ ఇందులోకి నెట్టారు. లోపలికి వెళ్ళినవే కానీ, బయటికి వచ్చింది నేను చూడలేదు."

గంజ్‌లో

మర్నాడు పొద్దున్నే బావ నన్ను గంజ్‌కి తీసుకెళ్ళాడు. పసుపు మార్కెట్టుని ఇక్కడ గంజ్ అంటారు. వీధి మలుపులోనే వాసన తగిలింది. మన వంటింట్లో చిటికెడు పసుపుకి ఉండే వాసన కాదు, మట్టి, ఎండుటాకు, మిరియం కలిసినట్టు ఘాటుగా ఉంటుంది. కొమ్ములు కుప్పలుకుప్పలుగా పోసి ఉన్నాయి. వ్యాపారులు ఒక కొమ్ము విరిచి, విరిగిన చోట రంగు చూసి, ఏమీ చెప్పకుండా ఇంకో కుప్ప దగ్గరికి వెళ్ళిపోతారు. హమాలీల కనురెప్పలు కూడా పసుపే.

బుజ్జికి మొదట సరదాగా ఉంది. కాసేపటికి దగ్గింది. తర్వాత ఆ పిల్లికూత. నేను సంచీలో చెయ్యి పెట్టి సిరప్ సీసా వెతికాను. లేదు. అక్క ఇంట్లో స్నానాల గది గూట్లో పెట్టి మరిచిపోయాను.

చాటలతో కొమ్ములు ఏరుతున్న ఒక ముసలావిడ లేచి వచ్చింది. ఏమీ అడక్కుండా బుజ్జిని నా చేతుల్లోంచి తీసుకుంది. "దుమ్ముల నిలవడి బుగులు వడ్తవేంది బిడ్డా? గిటు రా," అంటూ వెనక సందులోంచి గబగబా నడిచి, చింతచెట్టు నీడలో కుళాయి దగ్గర కూర్చోబెట్టింది. తన కొంగు తడిపి పిల్ల ముఖం తుడిచి, వీపు నిమురుతూ కూర్చుంది. "మా మన్మరాలు గుడ గిట్లనే. ఎండాకాలం అచ్చినంక తక్కువైతది. పెద్దగైతే పోతది." పోతుందని ఆవిడకి ఎలా తెలుసో! అయినా ఆ మాట పట్టుకున్నాను. ఈలోగా బావ స్కూటరు మీద వెళ్ళి సీసా తెచ్చాడు. ఆవిడ పేరు అడిగే లోపే వెనక్కి తన చాట దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక్కడ కాపురం పెట్టేది లేదని ఆ చెట్టు కింద మనసులో అనేసుకున్నాను.

జక్రాన్‌పల్లి, ఖాళీ ట్రాలీలో

గంజ్‌కి సరుకు తెచ్చిన రైతుల్లో గంగారెడ్డి అనే ఆయన బావకి పాత ఖాతాదారు. పోయిన సీజన్లో బాయిలరుని మొదట ప్రయత్నించి చూసింది ఆయన పొలంలోనే. సరుకు దించేశాక ట్రాలీ ఖాళీగా తిరిగి వెళ్తుంది. అందులో గడ్డి పరిచి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. దుమ్ము వదిలి పొలాల గాలిలోకి రాగానే బుజ్జి ఊపిరి మెత్తబడింది. ట్రాలీ ఎగిరినప్పుడల్లా అది నవ్వింది. నేను మాత్రం దాని నడుం పట్టుకునే కూర్చున్నాను.

జక్రాన్‌పల్లి దాటాక ఆయన పొలం. ఇటుకలు పేర్చిన పొయ్యి మీద మనిషి పడుకోగలిగేంత ఇనుప కడాయి, అందులో పసుపు కొమ్ములు కుతకుతలాడుతున్నాయి. కింద మొద్దులు. ఆయన భార్య గంగవ్వ పొగలో నిలబడి, పొడవాటి గరిటెతో తీసి ఒక కొమ్ముని పుల్లతో గుచ్చి చూస్తోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నేనెవరో బావ చెప్పగానే ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "గా బాయిలర్ చేస్తడన్న సారు ఇంటామెనా? ఏడి మీ సారు? ఏడాదాయె, బాయిలర్ ఇయ్యాల్నా రేపా అని ఎదురుసూస్తున్నం!"

"సెలవు దొరకలేదండీ."

"ఇగో, అండీ అంటుంది!" ఆవిడ మొగుడి వైపు తిరిగి నవ్వింది. "ఎన్నడన్న నన్ను గట్ల విలిచినవా నువ్వు?"

"విలుస్తలే, ముందుగాల కడాయి సూడు, మాడుతది," అన్నాడు గంగారెడ్డి.

మొక్కజొన్న రవ్వ ఉడికించిన గటక, మజ్జిగ పెట్టారు. తింటుంటే గంగవ్వ పోయిన ఏటి సంగతి చెప్పింది. ఆవిరి బాగానే వచ్చిందట. కట్టెలు సగానికి సగం తగ్గాయట. కానీ అడుగు కొమ్ములు పచ్చిగా ఉండిపోయాయి, మూత సందుల్లోంచి ఆవిరి కొట్టింది. "అయ్యన్ని సారోళ్ళు సూసుకుంటరు. నా బాధ వేరే. మూత మీద వెట్టిండ్రు. నింపాలంటె నిచ్చెనెక్కాలె, తియ్యాలంటె ఎక్కాలె. ఆడోళ్ళం చీర కట్టుకోని, నెత్తి మీద గంప వెట్టుకోని ఎట్ల ఎక్కుతం? మూత పక్కకు వెట్టమని మీ బావకు చెప్పిన."

"చెప్పింది, చెప్పింది," బావ తల ఊపాడు. "పక్కకి పెడితే ఆవిరి కారకుండా బిగించడం కష్టం. చూడాలి. తీరిక దొరకాలి."

"మీకెన్నడు దొరుకుతది తీరిక?" గంగవ్వ కోపంగా అనలేదు. అడిగిందంతే.

ఎడపల్లి దాటి బోధన్

మూడో రోజు అక్కతో కలిసి వాళ్ళ అత్తగారింటికి. ఎడపల్లి దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరుకు, మధ్యమధ్య వరి నాట్లు. చెరుకు బళ్ళ వెనక మా బస్సు నత్తనడక నడిచింది. పిల్లలు పరిగెత్తుతూ వచ్చి బండి వెనక గడలు లాగుతున్నారు. బస్సులో ఒకావిడ కిటికీలోంచి చెయ్యి చాపి ఒక గడ లాగేసి, విరిచి బుజ్జికి ఇచ్చింది. నేను కడగాలన్నాను. "చెరుకును కడుగుతరా?" అని బస్సంతా నవ్వింది.

బోధన్ బజారులో సగం మాటలు మరాఠీ. కూరలమ్మే ఆవిడ ఒకే గుక్కలో నాతో తెలుగు, పక్కావిడతో మరాఠీ, అబ్బాస్ అనే బండివాడితో ఉర్దూ మాట్లాడింది. చిల్లర మాత్రం మూడు భాషల్లోనూ లేదంది. కిలో వంకాయలు నాలుగు రూపాయలు. మా ఊర్లో ఆ ధరకి అర్ధకిలో వస్తే గొప్ప.

అక్క మామగారు అరుగు మీద కూర్చుని చక్కెర ఫ్యాక్టరీ పిలుపు కోసం చూస్తున్నారు. ఎవరి చెరుకు ఎప్పుడు నరకాలో అక్కణ్ణించే చెబుతారట. ఏ రకం నాటాలో కూడా. "మా నాన్న వాళ్ళు వచ్చిన కొత్తల్లో సొంతంగా బెల్లం వండేవారు," అన్నారు. "మా బెల్లం రంగు చూసి ఎవరింటిదో చెప్పేవాళ్ళు. పాకంలో బెండ రసం ఎంత పొయ్యాలన్నది ఒక్కొక్కళ్ళది ఒక్కో పద్ధతి."

"ఇప్పుడెందుకు మానేశారు?"

"ఫ్యాక్టరీకి తోలితే ఒక్క రోజులో పొలం ఖాళీ. సుఖంగానే ఉందమ్మా. అబద్ధం ఎందుకు చెప్పాలి?" అని, "బెల్లం వండటం మాత్రం మా చిన్నవాడికి రాదు," అన్నారు.

పక్క ఊరి నుంచి తెప్పించిన వేడి బెల్లం బుజ్జి ఎవరూ చూడకుండా తిని, తిరుగు బస్సులో నా చీర మీద కక్కింది. దాని చెప్పు ఒకటి పోయింది. కానీ రోజంతా ఒక్కసారీ దగ్గలేదు. ఊరికి ఇంత దూరంలో, దుమ్ము లేని చోట ఇల్లు తీసుకుంటే, అన్న ఆలోచన నాకు తెలియకుండానే వచ్చింది.

ఫ్యాక్స్

సాయంత్రం తిరిగి వచ్చేసరికి వర్క్‌షాపు నుంచి కబురు, వెంటనే రమ్మని. వెళ్ళేసరికి బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. ఫ్యాక్స్ మిషను నుంచి వచ్చిన కాయితం నాలుగు మూలలా నాలుగు ఇనుప డబ్బాలు పెట్టి పరిచారు. బేరింగు డబ్బాకి కొత్త డ్రాయింగు.

దేవదానం మేస్త్రి నా చెయ్యి పట్టుకుని లాగినంత పని చేశాడు. "సూడు చెల్లె! సూడు!" ఆయన వేలి కింద చిన్న వృత్తం. పక్కనే కాయితం ఎగరకుండా పెట్టిన పాత డబ్బా. దాని మీద ఉన్న చోటే, అదే వైపు, డ్రాయింగులోనూ చిల్లు ఉంది.

"గ్రీజు కోసం రంధ్రం కలిపాం, ఇక ముందు ఇలాగే చేయాలి అని రాశారు," బావ చదివాడు. అంతే ఉంది. వెనక్కి పంపిన డబ్బాల ఊసు లేదు. అవి వెనక్కి పంపే ముందు ఎవరో ఒకటి ఉంచుకున్నారో, ఆ యంత్రాలు దుమ్ము దేశాలకి వెళ్ళాక వాళ్ళకే తోచిందో, తెలియదు.

"మాదే! నా బొక్కనే గిది!" మేస్త్రి షెడ్డంతా వినపడేలా అరిచాడు. "ఓ పోరగా, అందరికి చాయ్ చెప్పు, నా లెక్కల!"

అక్క మాత్రం నవ్వలేదు. "ఒక్క మాట రాయొచ్చుగా. మీరన్నది నిజమే అని."

"రాస్తే రేటు పెంచమంటం గద," అన్నాడు మేస్త్రి. ఆయనకి నిజంగా బాధ లేదు. చాయ్ తాగుతూ ఆ కాయితం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

కాయితం కింద భాగంలో అసలు సంగతి ఉంది. ఆర్డరు రెట్టింపు. పుణే వాళ్ళు ఇంకో రెండు మిషన్లు పంపిస్తారు. వాటికి చోటు కావాలి. బావ తలెత్తి కుడి వైపు మూలకి చూశాడు. అందరూ అటే చూశారు.

"బాయిలరుని ఈ సీజన్‌కి గోదాంలో పెడదాం," అన్నాడు బావ, టార్పాలిన్ వైపు చూస్తూ. "అమ్మాయ్, మీ ఆయన్ని వచ్చి ఈ వైపు చూసుకోమను. డ్రాయింగులు చదవగలిగే మనిషి ఇప్పుడు చాలా అవసరం. వాటా కింద వస్తుందనుకున్న దానికన్నా జీతమే ఎక్కువ ఇవ్వగలను."

నేను వచ్చిన పనికి జవాబు దొరికింది. ఆ మాట తీసుకుని మర్నాడు రైలెక్కవచ్చు. ఆటోనగర్‌లో మా వారు చేసేదీ అదే, ఎవరో గీసినదాన్ని చదవడం. దానికి ఇంత దూరం, ఈ దుమ్ము ఎందుకు? ఏమీ అనకపోతే సరిపోయేది. కానీ గోదాంలో చూసిన తుప్పు కళ్ళ ముందు మెదిలింది, పొగలో నిలబడిన గంగవ్వ కూడా.

"ఆయన్ని బాయిలరు కోసం పిలిచారు బావా."

"కాదనను. చోటేదీ?"

"గంగారెడ్డి గారి ట్రాలీ ఖాళీగా పోతుంది కదా," అన్నాను. "నిన్న మేం దాన్లోనే వెళ్ళాం."

అక్క అంది, బావతో కాదు, మేస్త్రితో. "అన్నా, భాగాలుగా విప్పకుండా ట్రాలీ మీదికి ఎక్కుతుందా అది?"

"ఎందుకెక్కది? గొలుసు కప్పీ ఉంది గద." మేస్త్రి గ్లాసు పెట్టేశాడు. "గాని అక్కడ వెల్డింగు చెయ్యాలంటె కరెంటు..."

"బోరు కనెక్షన్ ఉంది వాళ్ళకి," అంది అక్క.

బావ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సగం చేసిన వస్తువు రైతు దగ్గర పెడితే వాడు రోజూ తిడతాడు."

"తిట్టనీ," అంది అక్క. "గోదాం తిట్టదు. అందుకే అన్నీ అందులో పడ్డాయి."

తిరుగు ప్రయాణం

నేను బయల్దేరిన పొద్దున గంగారెడ్డి ట్రాలీ వర్క్‌షాపు ముందు ఆగి ఉంది. కప్పీకి వేలాడుతూ బాయిలరు గాలిలో మెల్లగా తిరుగుతోంది. దేవదానం మేస్త్రి గట్టిగా అరుస్తున్నాడు. ఇంకా పూర్తి కాకముందే దాని మీద రంగుతో పేరు రాసేశారు. రాయించింది ఎవరో కానీ గంగారెడ్డి పేరు కాదు, గంగవ్వ పేరు. బావ కాస్త దూరంగా నిలబడి, కొత్త మిషన్ల కోసం మట్టి నేల మీద సుద్దతో గీతలు గీయిస్తున్నాడు. ఆయన ముఖం చూసి ఆయనకి ఇష్టమో కాదో చెప్పలేకపోయాను. నాతో, "మీ ఆయనకి జీతం మాట కూడా చెప్పు అమ్మాయ్, మరిచిపోకు," అన్నాడు.

ఎదురింటి లక్ష్మవ్వ తన చాటలోని ఇనుప డబ్బా తీసి బుజ్జి చేతిలో పెట్టింది. "ఆడుకో బిడ్డా. నాకు మీ పెద్దమ్మ ఇంకోటి ఇస్తది." బీడీ దారం చిల్లులోంచి దూర్చి ముడి కూడా వేసి ఇచ్చింది. బుజ్జి దాన్ని బండిలా లాక్కుంటూ రైలంతా తిప్పింది. పక్క బెర్తు ఆయన కాలి మీద పడితే నేను క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

ఇంటికి వచ్చాక మా వారికి అన్నీ చెప్పాను. జీతం మాట కూడా. గంజ్‌లో పిల్ల ఊపిరి, గంగవ్వ నిచ్చెన బాధ, బోధన్ వైపు గాలి, గోదాం, ఫ్యాక్స్. ఆయన బుజ్జి దగ్గర ఆ డబ్బా తీసుకుని, చిటికెన వేలు చిల్లులో పెట్టి తిప్పుతూ విన్నారు. ఉద్యోగం వదలమని గానీ వద్దని గానీ నేను చెప్పలేదు. బాయిలరు షెడ్డులో లేదని, పొలంలో ఉందని మాత్రం చెప్పాను.

ఆయన, "మూత పక్కకి పెడితే దాని బరువు బిగింపు మీద ఉండదు. మడతబందు పెట్టి, చుట్టూ మరలు..." అంటూ కాగితం కోసం లేచారు.

మర్నాడు రాజీనామా కాదు, నెల రోజుల సెలవుకి అర్జీ పెట్టారు. ఈసారి సిరప్ సీసాలు రెండు సర్దుతున్నాను, ఒకటి సంచీలో, ఒకటి నా కొంగు ముడిలో ఉండేలా. ఇల్లు దొరికితే ఎడపల్లి వైపే చూడమని అక్కకి ఫోన్ చేశాను. నెల అయ్యాక ఏమవుతుందో నాకు తెలియదు. బల్ల మీద ఆయన గీస్తున్న కాయితం ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను. మూత పక్కకే ఉంది. గంప దించుకోవడానికి నడుమెత్తులో చిన్న బల్ల కూడా గీశారు. అది ఎవరూ అడగలేదు.